డీట్రిక్ బ్రాండిస్ జీవితము - అడవి చదువు

ఉన్నత పాఠశాల చదువు ముగియవచ్చిన విద్యార్థిని ఇకమీద ఏమి చదువుదువని అడిగినచో, వైద్యమనియో, ఇంజనీరింగనియో, ఉపాధ్యాయ వృత్తియనియో బదులు వచ్చును. అడవిని చదువుదునని చెప్పువారు అరుదు. అడవి కూడ ఒక చదువేనని తలిదండ్రులలో అనేకులకు తెలియదు. డెంకణికోట, అంచెట్టి ప్రాంతముల తెలుగు కుటుంబములకు అడవి క్రొత్తది కాదు. రాగిచేలలోనికి ఏనుగులు వచ్చు కాలమున మంచెలపై కావలి గాయుట ఆ పల్లెలవారికి వాడుకయే. అయినను అడవి యనగానే గార్డు, జరిమానా, మేకలను తోలరాదను ఆజ్ఞ, ఇవియే మనకు తోచును. ఆ ఆజ్ఞ వెనుక ఒక శాస్త్రము గలదు. ఆ శాస్త్రమును మన దేశమున నాటి, దానికి ఒక శాఖను, ఒక చట్టమును, ఒక పాఠశాలను ఏర్పఱచిన వారిలో ముఖ్యుడు జర్మను దేశీయుడైన డీట్రిక్ బ్రాండిస్. అడవి చదువు ఎట్టిదో, అది దేనికి చాలునో, దేనికి చాలదో ఆయన జీవితము వలన తెలియునని తలచి దానిని ఇక్కడ చెప్పుచున్నాము.

బ్రాండిస్ 1824వ సంవత్సరమున రైను నదీతీరమందలి బాన్ నగరమున జన్మించెను. తండ్రి క్రిస్టియన్ ఆగస్ట్ బ్రాండిస్ తత్త్వశాస్త్రమున పేరుపొందిన ఆచార్యుడు. గ్రీసు దేశపు రాజగు ఆటోకు సలహాదారుగా ఆ తండ్రి ఏథెన్సునకు పోవుటచే, బాలుని చదువులో కొంతభాగము అక్కడనే జరిగెను. పిమ్మట కోపెన్‌హాగెన్, గోటింగెన్, బాన్ విశ్వవిద్యాలయములలో చదివి, 1848లో డాక్టరు పట్టమును పొంది, మరుసటి సంవత్సరము నుండి బాన్‌లోనే వృక్షశాస్త్రమును బోధింప మొదలిడెను. ఆయన నేర్చినది వృక్షశాస్త్రము. అడవిని నడుపు విద్యను ఆయన ఏ కళాశాలలోను అభ్యసింపలేదు. నాటికి జర్మనీలోని థారాంట్ మున్నగు చోట్ల అటవీ విద్యాలయములు వెలసియున్నవి. ఫ్రాన్సు దేశమున నాన్సీ నగరపు అటవీ విద్యాలయము సరిగా బ్రాండిస్ పుట్టిన 1824లోనే స్థాపింపబడెను. ఇంగ్లండునందు మాత్రము అట్టిదొక్కటియు లేదు. ఓడల కొఱకు తన దేశపు ఓకు చెట్లను నరికివేసిన ఇంగ్లండు, వానిని మరల పెంచు విద్యను మాత్రము నేర్వలేదు. మన దేశపు అడవులకు జర్మను పండితుని పిలువవలసి వచ్చుటకు ఇదియే కారణము.

పిలుపు వచ్చిన దారి విచిత్రమైనది. వంగదేశమున సేరంపూరులో మతప్రచారకుడుగా ప్రసిద్ధికెక్కిన జాషువా మార్ష్‌మన్ కుమార్తె రాచెల్‌ను బ్రాండిస్ 1854లో వివాహమాడెను. ఆమె సోదరి హావ్‌లాక్ అను సేనాని భార్య. ఈ బంధుత్వము మూలమున బ్రాండిస్ పేరు గవర్నరు జనరల్ డల్హౌసీ చెవిని పడెను. 1852 యుద్ధమున ఆంగ్లేయులు బర్మాలోని పెగూ రాష్ట్రమును వశపఱచుకొనిరి. అక్కడి టేకు అడవులు పెద్దవి. టేకు నీటికి చెడదు, చెదలకు లొంగదు. కావున ఓడలు కట్టువారికి అది బంగారముతో సమానము. ఆ అడవులను వర్తకులు తమ ఇచ్చ వచ్చినట్లు నరుకుచుండుట చూచి, వానికొక పర్యవేక్షకుని నియమింప డల్హౌసీ నిశ్చయించెను. 1856 ఆరంభమున ముప్పదియొక్క యేండ్ల బ్రాండిస్ ఆ యుద్యోగమున ప్రవేశించెను.

అడవిని అప్పగించిరి కాని అందు ఎన్ని చెట్లు గలవో చెప్పగలవారు లేరు. ఎన్ని నరికిన అడవి నిలుచునో, ఎన్ని నరికిన నశించునో ఎవరికిని తెలియదు. వేలకొలది చదరపు మైళ్ల కొండలు, వెదురు పొదలు, వర్షము, మలేరియా. ఒక్కొక్క చెట్టును లెక్కింపవలెనన్న ఒక జీవితకాలము చాలదు. బ్రాండిస్ కనుగొన్న ఉపాయము నేటి విద్యార్థులకు సయితము సులభముగా బోధపడును. ఆయన ఏనుగునెక్కి కొండల వెన్నుల మీదుగా ఒక గీత గీచినట్లు ముందునకు సాగును. చేతిలో నాలుగు వెదురుముక్కలు, ఒక చాకు. మార్గమునకు ఇరుప్రక్కల కనబడు టేకుచెట్లను బోదె చుట్టుకొలతను బట్టి నాలుగు తరగతులుగా విభజించి, చెట్టు కనబడినపుడెల్ల ఆ తరగతికి చెందిన వెదురుముక్కపై ఒక గాటు పెట్టును. సాయంకాలము గాట్లను లెక్కించి, నడచిన దూరముతో పోల్చి చూచినచో, ఆ కొండలో ఏ తరగతి చెట్లు సుమారు ఎన్ని గలవో తేలును. కాగితము వానకు తడియును, వెదురునకు ఆ భయము లేదు. నేడు గణాంక శాస్త్రమున నమూనా సర్వే అని మనము పాఠముగా చదువునది ఇట్టిదే.

లెక్క అంతటితో ముగియదు. నరికిన చెట్ల మోడులపై వలయములను లెక్కించి, చిన్న తరగతి చెట్టు పెద్ద తరగతికి ఎదుగుటకు ఎన్ని యేండ్లు పట్టునో ఆయన గణించెను. ఒక ఉదాహరణ చూపుదము. ఒక కొండపై నరుకదగిన పెద్దచెట్లు 2400 గలవనుకొందము. వాని తరువాతి తరగతి చెట్లు ఆ స్థాయికి వచ్చుటకు 24 యేండ్లు పట్టుననుకొందము. అప్పుడు ఏటికి 100 చెట్ల కంటె ఎక్కువ నరుకరాదు. అట్లు నరికిన ఇరువదినాలుగవ యేట కడపటి చెట్టు పడునప్పటికి, క్రింది తరగతివి పెద్దవై ఆ స్థానమున నిలిచియుండును. అడవి బ్యాంకులోని మూలధనము వంటిది; ఏటేట పెరిగినంత వడ్డీని మాత్రమే తీసికొనవలెను. ఇంత చిన్న లెక్కయే అటవీశాస్త్రమునకు పునాది.

టేకును నరుకుటలో సయితము ఒక పద్ధతి గలదు. పచ్చి టేకుమ్రాను నీటిలో మునుగును. బర్మాలో కలపను నదులలో తేల్చియే రంగూనునకు చేర్చవలెను. కావున ముందుగా చెట్టు మొదట చుట్టును బెరడును, లోపలి లేత కఱ్ఱను గాడిగా చెక్కి, నీరు పైకెక్కకుండ చేసి, చెట్టును నిలువుననే ఎండనిత్తురు. రెండు మూడేండ్లకు అది తేలికపడిన పిదప నరికి, ఏనుగులచే ఏటికి లాగింతురు. ఏ చెట్టునకు గాడి పెట్టవలెనో నిర్ణయించు అధికారము అటవీశాఖది కావలెనని బ్రాండిస్ పట్టుపట్టెను. రంగూను వర్తకులకిది కంటగింపయ్యెను. అడవిని తమకు వదలవలెనని వారు ప్రభుత్వముపై ఒత్తిడి తెచ్చిరి. ఇంకను నిలువు చెట్లు వేలుండగా లెక్క పేరుతో ఆపుట వారికి వట్టి చాదస్తముగా తోచెను. ఈ పోరు ఏండ్ల తరబడి సాగెను.

వర్తకులకంటె చిక్కైన సమస్య కొండలలోని కరెన్ జాతివారిది. వారు అడవిని కొట్టి, కాల్చి, ఆ బూడిదలో వరి చల్లి, ఒకటి రెండేండ్లకు మఱియొక చోటికి పోవుదురు. మన ఏజెన్సీ కొండలలో పోడు అనునది ఇదియే. బర్మా భాషలో దీని పేరు టాంగ్యా, అనగా కొండసేద్యము. దీనివలన టేకు కాలిపోవుచున్నదని అధికారులు మండిపడిరి. బ్రాండిస్ వేఱొక దారి త్రొక్కెను. కరెన్ రైతు తన వరితో పాటు టేకు విత్తనమును గూడ నాటవలెను; పంట తీసికొని తాను కదలిపోవునప్పటికి ఆ చేనిలో టేకు మొక్కలు నిలిచియుండవలెను; మొక్కలకు కూలి ముట్టును. అడవిని కాల్చు చేతులే అడవిని నాటుటకు ఒప్పుకొన్నవి. ఈ పద్ధతి బర్మా నుండి ఇతర దేశములకు గూడ ప్రాకినది. దీనిని మరువవలదు, ముందు దీనితో పని గలదు.

1862లో బ్రాండిస్‌ను కలకత్తాకు పిలిపించి, 1864లో భారతదేశమునకంతటికి మొట్టమొదటి అటవీ ఇన్‌స్పెక్టర్ జనరల్‌గా నియమించిరి. అప్పటికి రైలుమార్గములు వేగముగా సాగుచున్నవి. ఒక్క మైలు దారికి 1760 మొదలు 2000 వఱకు కొయ్య స్లీపర్లు కావలెను. మెత్తని కఱ్ఱవి కొలది యేండ్లకే పుచ్చిపోవును, మరల క్రొత్తవి వేయవలెను. రైలు పోవు దారికి ముందే అడవి పోవుచుండెను. దక్షిణమున ఈ విపత్తును మొదట గుర్తించి మొఱపెట్టినవాడు మదరాసులో జన్మించిన వైద్యుడు హ్యూ క్లెగ్‌హార్న్. ఆయన 1856లోనే మదరాసు రాష్ట్రపు అటవీ సంరక్షకుడయ్యెను. బ్రాండిస్ కీర్తి క్రింద క్లెగ్‌హార్న్ పేరు కొంత మఱుగుపడినదని మా అభిప్రాయము; దక్షిణాది వారమగు మనమైనను ఆయనను తలచుకొనవలెను. 1865లో తొలి అటవీ చట్టము వచ్చెను.

చట్టము వచ్చినను పనిచేయువారేరి? సైన్యమున నుండియు, వైద్యశాఖ నుండియు వచ్చినవారితో అడవులు నడచుచుండెను. బ్రాండిస్ 1866లో జర్మనీ నుండి ష్లిక్, రిబ్బెంట్రాప్ అను ఇద్దఱు అటవీశాస్త్రజ్ఞులను రప్పించెను. మరుసటి యేటి నుండి ఆంగ్ల యువకులను ఎంచి ఫ్రాన్సు, జర్మనీ విద్యాలయములకు పంపు ఏర్పాటు జరిగెను. ఈ దేశపు బిడ్డలకు ఈ దేశముననే ఈ విద్య గఱపవలెనని ఆయన పట్టు. దాని ఫలముగా 1878లో డెహ్రాడూన్‌లో అటవీ పాఠశాల వెలసెను. భారతీయులు రేంజరు పదవికి అక్కడ తరిఫీదు పొందిరి. ఉన్నతోద్యోగములు మాత్రము చాలకాలము తెల్లవారి చేతులలోనే యుండెను. పాఠశాల పెట్టినవాని ఉద్దేశము ఒకటి, ప్రభుత్వపు నడక మఱొకటి.

ఆ విత్తనము నేడెంత పెరిగినదో ఇక్కడనే చెప్పుట మంచిది. అటవీశాస్త్రమున నాలుగేండ్ల బి.ఎస్‌సి. పట్టపు చదువు 1985 ప్రాంతమున మన దేశపు వ్యవసాయ విశ్వవిద్యాలయములలో ప్రారంభమయ్యెను. కోయంబత్తూరు చేరువనున్న మెట్టుపాళయమునందును, కర్ణాటకమున శిరసి, పొన్నంపేటలయందును, తెలంగాణమున ములుగునందును, ఒడిశాలో భువనేశ్వరమునందును అటవీ కళాశాలలు గలవు. సిల్వికల్చర్ అనగా అడవిని పెంచు విద్య. చెట్లను కొలుచుట, నేలల గుణము, కలప స్వభావము, పురుగులు తెగుళ్లు, వన్యమృగ సంరక్షణ, అర్థశాస్త్రము ఇవన్నియు పాఠ్యాంశములు. ఏటికి కొన్ని వారములు అడవిలోనే గడుపవలెను. ఇంటర్మీడియెట్ లేదా పన్నెండవ తరగతిలో విజ్ఞానశాస్త్రములు చదువుట దీనికి మొదటి మెట్టు.

చదివినవారికి ఉద్యోగములెట్టివి? అన్నిటికంటె పైది 1966లో ఏర్పడిన భారతీయ అటవీ సర్వీసు. దీనికి అటవీశాస్త్రమే చదువనక్కఱలేదు. వృక్షశాస్త్రము, జంతుశాస్త్రము, గణితము, రసాయనము మున్నగువానిలో ఒకటి చదివిన పట్టభద్రులును, వ్యవసాయము, ఇంజనీరింగు చదివినవారును యూనియన్ పబ్లిక్ సర్వీస్ కమిషన్ పరీక్షకు పోవచ్చును. వ్రాతపరీక్ష చాలదు, పురుషులు నాలుగు గంటలలో 25 కిలోమీటర్లు, స్త్రీలు 14 కిలోమీటర్లు నడచి చూపవలెను. 1980 నుండి స్త్రీలును ఈ సర్వీసునందున్నారు. ఎంపికైనవారికి తరిఫీదు డెహ్రాడూన్‌లోనే. దాని క్రింద రాష్ట్ర సర్వీసు, రేంజరు, ఫారెస్టరు, గార్డు ఉద్యోగములు గలవు. పరిశోధనపై మక్కువ గలవారికి బెంగుళూరులో కలప శాస్త్ర సంస్థ, కోయంబత్తూరులో వృక్ష ప్రజనన సంస్థ, డెహ్రాడూన్‌లో అటవీ పరిశోధన సంస్థ గలవు. కాగితపు మిల్లులు, ప్లైవుడ్ కర్మాగారములు తమ తోటల కొఱకు ఈ పట్టభద్రులను తీసికొనును. ఇన్ని గలవని చెప్పుట వలన ప్రతివానికి పని సిద్ధముగా నుండునని తలంపవలదు. ప్రభుత్వోద్యోగములు కొద్ది, పోటీ హెచ్చు.

తెలుగు మాధ్యమమున చదివిన మన పిల్లలకు ఇది అందునా యని తలిదండ్రులు సందేహింతురు. ఆ అఖిల భారత పరీక్షను ఆంగ్లముననే వ్రాయవలెను. దానిని దాచి లాభము లేదు. కాని బ్రాండిస్ మాతృభాష జర్మను. ఆయన నివేదికలు, గొప్ప గ్రంథములు వ్రాసినది పెద్దవాడైన పిదప అలవఱచుకొన్న ఆంగ్లమున. ఇంట తెలుగు, వీధిలో తమిళమో కన్నడమో, బడిలో ఆంగ్లము కొంత నేర్చిన మన పిల్లలకు మఱియొక మేలును గలదు: అడవిలో పశువుల కాపరితో అతని మాటలోనే మాటాడగల అధికారికి సగము పని ముందే నెఱవేరును.

బ్రాండిస్ కథకు మరలుదము. 1865 చట్టము చాలదని, ఇంకను గట్టిది కావలెనని ప్రభుత్వము తలపోసెను. వాదము మూడు విధముల నడచెను. అడవి యంతయు సర్కారుదే, గ్రామస్థుల వాడుక హక్కు కాదని బేడన్ పవెల్ అను అధికారి వాదించెను. తరతరముల వాడుకను రద్దుచేయు అధికారము ప్రభుత్వమునకు లేదని మదరాసు ప్రభుత్వము ఎదిరించెను. బ్రాండిస్ నడిమి దారిని చూపెను: విలువైన అడవులను రాజ్యము కాపాడవలెను, తక్కినవానిలో గ్రామములకు తమ స్వంత అడవులుండవలెను, కట్టెలు, ఎరువాకు, మేత అచ్చట గ్రామస్థులే తీసికొనవలెను. కొడగునందును ఇతర చోట్లను దేవుని పేరిట జనులు కాపాడుకొన్న వనములను ఆయన మెచ్చికొనెను. జనులకు అడవిని కాపాడుట తెలియదను మాటను ఆయన నమ్మలేదు. 1878 చట్టమున గ్రామ అడవులకొక అధ్యాయము దొరికెను. అది చాలవఱకు కాగితముపైననే నిలిచిపోయెను. రిజర్వు అడవులు మాత్రము పెరుగుచు పోయెను.

1881లో ఆయన మదరాసు రాష్ట్రమునకు వచ్చి, ఇక్కడి అటవీశాఖను సరిదిద్దుటలో తోడ్పడెను. 1882 మదరాసు అటవీ చట్టము ఆ కాలపుదే. నేటి ఆంధ్రదేశపు కోస్తా, రాయలసీమ అడవులును, తమిళనాటి అడవులును ఈ చట్టము క్రిందికే వచ్చినవి. హద్దురాళ్లు లేచెను. నిన్నటి దాక తోలిన పశువులకు పుల్లరి కట్టవలసివచ్చెను. మన్యములో పోడునకు ఆటంకములు కలిగెను. పుల్లరి వివాదముననే 1922లో పల్నాట కన్నెగంటి హనుమంతు తుపాకి గుండ్లకు బలియయ్యెను. ఆ యేటనే మొదలై 1924 వఱకు సాగిన అల్లూరి సీతారామరాజు పోరాటమునకు పోడు, మేత, వెట్టిచాకిరి బాధలే మూలము. ఇవి జరుగునాటికి బ్రాండిస్ లేడు; ఆ తుపాకుల పాపమును ఆయనకు అంటగట్టుట న్యాయము కాదు. అయినను అడుగవలసిన ప్రశ్న ఒకటి మిగులును. బర్మాలో పోడు రైతునే తోటమాలిగా మార్చిన బుద్ధి, గోదావరి మన్యమున ఎందుల కక్కఱకు రాలేదు? మా యెఱిగినంతలో, వెదురుముక్కపై గాటు పెట్టి చెట్లను లెక్కించుట ఒక విద్య. ఆ చెట్టుక్రింద మేక మేపుకొను వానికి గల హక్కును గుర్తించుట వేఱొక విద్య. శాఖ మొదటిదానిని నేర్చెను, రెండవదానిని త్రోసిపుచ్చెను. 1990లో గ్రామస్థులతో కలసి అడవిని కాపాడు పద్ధతిని ప్రభుత్వము చేపట్టుటయు, 2006లో అటవీ హక్కుల చట్టము వచ్చుటయు ఆ పాత బాకీని తీర్చుకొనుటకే. నేడు ఈ వృత్తిలో ప్రవేశించు యువకుడు గాని, యువతి గాని, రెండు విద్యలును నేర్వక తప్పదు.

1883లో బ్రాండిస్ ఉద్యోగము చాలించి స్వగ్రామమగు బాన్ చేరెను. విశ్రాంతి మాత్రము తీసికొనలేదు. భారతదేశమునకు రానున్న ఆంగ్ల విద్యార్థులను వెంటబెట్టుకొని జర్మను అడవులలో త్రిప్పుచు పాఠములు చెప్పెను. 1889లో అమెరికా నుండి గిఫర్డ్ పిన్‌చాట్ అను యువకుడు సలహా కోరి వచ్చెను. బ్రాండిస్ అతనిని నాన్సీ విద్యాలయమునకు పంపి, పిమ్మటను ఉత్తరముల ద్వారా దారి చూపుచుండెను. ఆ యువకుడే తరువాత అమెరికా అటవీ సర్వీసునకు తొలి అధిపతి యయ్యెను. బర్మా కొండలలో నేర్చిన పాఠము ఈ విధముగా రెండు సముద్రములు దాటెను.

డెబ్బదియేండ్లు దాటిన వయసున ఆయన మఱియొక పని తలపెట్టెను: భారతదేశపు వృక్షములన్నిటిని ఒక్క గ్రంథమున వర్ణించుట. వృక్షములు, పొదలు, ప్రాకుడు తీగెలు, వెదుళ్లు, తాళ జాతులు మొత్తము నాలుగు వేలకు పైగా. అడవిలో తిరుగు ఉద్యోగి చేతబట్టుకొని చెట్టును గుర్తింపగలుగునట్లు దానిని వ్రాసెను. దేశభాషలలోని పేర్లను చేర్చుట ఆయన మఱువలేదు. అందు తెలుగు పేర్లును గలవు. కూలివాడు చెట్టును పిలుచు పేరు తెలియని అధికారి అడవిలో మూగవాడే గదా. ఇండియన్ ట్రీస్ అను ఆ గ్రంథము 1906లో వెలువడెను. అప్పటికి ఆయనకు ఎనుబదిరెండేండ్లు. ఆ సంవత్సరమే డెహ్రాడూన్‌లో ఆయన పాఠశాల ప్రక్కన అటవీ పరిశోధన సంస్థ స్థాపింపబడెను. మరుసటి యేడు, 1907 మే 28వ తేదీన, పుట్టిన బాన్ నగరముననే బ్రాండిస్ కన్నుమూసెను.